ఒకే పలక మీద పలు రంగులు

దేశాల మధ్య కళా సహకారం అనగానే ఉత్సవాలు, ప్రతినిధి బృందాలు మనసుకు రావడం సహజమే గాని, ఒక కళ పనితీరు నిజంగా మారేది వేర్వేరు దేశాలవారు ఒకే బల్ల దగ్గర నెలల తరబడి పనిచేసినప్పుడే. లోహపు పలకను చెక్కి, లేదా ఆమ్లంతో తొలిచి, కాగితంపై అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్ కళలో ఇందుకు గట్టి నిదర్శనం ‘అటెలియే 17’. స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిస్‌లో స్థాపించిన ఈ కార్యశాల యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలి, 1950లో తిరిగి పారిస్ చేరింది.

1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చిత్రకళ, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద శిల్పం అభ్యసించిన కృష్ణారెడ్డి 1950ల్లో ఇక్కడికి వచ్చారు. అప్పట్లో రంగుల అచ్చుకు సాధారణంగా రంగుకొక పలక కావలసి వచ్చేది. కార్యశాలలోని బృందం ఆ అవసరాన్నే తొలగించింది. పలకను పలు లోతుల్లో తొలిచి, నూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలర్‌తో పూస్తే అది ఎత్తైన భాగాలకు మాత్రమే అంటుతుంది. ఆపై చిక్కని సిరాను మెత్తని రోలర్‌తో పూస్తే అది లోతుల్లోకి దిగుతుంది గాని, నూనె పట్టిన చోట నిలవదు. సిరాల స్నిగ్ధతలో, అంటే చిక్కదనంలో, ఉన్న తేడాయే రంగులను విడదీస్తుంది కనుక ఒకే పలక, ఒకే అచ్చు సరిపోతాయి. పలకను శిల్పంలా మలిచే కృష్ణారెడ్డి చేతికి ఈ పద్ధతి ఎంత ఒదిగిందో ఆయన ‘వర్ల్‌పూల్’ చిత్రంలోని సుడులే చూపుతాయి.

ఈ ఆవిష్కరణలో హేటర్‌కు, కృష్ణారెడ్డికి, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీకి దక్కవలసిన వాటాలను విడదీయబూనడం వృథా ప్రయాస; ఒకరి ప్రయోగాన్ని మరొకరు పక్కనే నిలబడి చూసి, మరునాడు తామే చేసి చూసుకొనే ఏర్పాటు అక్కడ ఉండడమే అసలు కారణం. ఆ ఏర్పాటును కృష్ణారెడ్డి తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి తీసుకువెళ్లి, అనేక దేశాల విద్యార్థులకు నేర్పారు.

కనుక యువ కళాకారులను విదేశాలకు పంపే పథకాలు విమాన టికెట్టు, వారం రోజుల బసతో ఆగిపోకూడదు. అచ్చుయంత్రం, ఆమ్లపు తొట్టి, పాడైనా ఫర్వాలేదనుకొనేటన్ని లోహపు పలకలు, అద్దె బెంగ లేకుండా కనీసం ఒక ఏడాది గడువు వారికి దక్కాలి.