గాంధీజీ చిత్రించిన కాఛలియా శేఠ్

మహాపురుషులను స్తుతించే గ్రంథాలు మన భాషలన్నింటిలోను కొల్లలుగా ఉన్నవి. కాని ఒక మహాపురుషుడు తనకంటె సామాన్యుడైన వాని ధైర్యాన్ని శంకించి, ఆ శంకకు సిగ్గుపడి, ఆ సిగ్గును దాచక గ్రంథస్థం చేసిన సందర్భాలు అరుదు. గాంధీజీ 1923లో ఎరవాడ చెరసాలలో గుజరాతీలో ప్రారంభించిన ‘దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్ర’లో అట్టి ఘట్టం ఒకటి ఉన్నది.

ఆ ఘట్టానికి నాయకుడు అహమ్మద్ మహమ్మద్ కాఛలియా, సూరతీ మెమన్ వర్తకుడు. ఏ సూరతులో ఆంగ్లేయ వర్తకులు పదిహేడవ శతాబ్ది ఆరంభంలో మొగలు చక్రవర్తి అనుమతితో గిడ్డంగి నెలకొల్పుకొన్నారో, ఆ సీమవారికే ఆంగ్లేయ సామ్రాజ్యంలో దుకాణం తెరిచే హక్కు సందేహాస్పదమైనది. ట్రాన్స్‌వాలులో భారతీయుడు కాలిబాటపై నడవరాదు. రాత్రి తొమ్మిది దాటితే అనుమతిపత్రం లేక వెలుపలికి రారాదు. తనకు కేటాయించిన వాడలో తప్ప భూమి కొనరాదు. వీటికి తోడు 1907 నాటి శాసనం ప్రతి ఆసియావాసీ వ్రేలిముద్రలిచ్చి పత్రం పుచ్చుకోవాలనీ, పోలీసు అడిగినప్పుడెల్లా చూపాలనీ విధించినది. 1860 మొదలు మద్రాసు రేవునుండి నేటాలు చెరకుతోటలకు వెళ్ళిన కూలీలలో తెలుగువారు కూడ ఉన్నారు గనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

1907 జూలైలో ప్రిటోరియా సభలో కాఛలియా లేచి, కంఠంపై వ్రేళ్ళుంచి, ఉరికైనా సిద్ధపడతాను గాని ఈ చట్టానికి లోబడనని శపథం చేశాడు. అది విని గాంధీజీ చిరునవ్వు నవ్వారు. ఇంత మాట ఇతడు నిలుపుకోగలడా అని సందేహించారు. తరువాత ఆ సందేహం తలపుకు వచ్చినప్పుడెల్లా తాను సిగ్గుపడినట్లు వ్రాశారు. సాధారణ చరిత్రకారుడు ఆ చిరునవ్వును విడిచిపెట్టి ఉండేవాడు. దానిని విడిచినచో శపథం వట్టి సభావాక్యంగా మిగిలిపోయేది. చెప్పినందువల్లనే కాఛలియా ఔన్నత్యం పాఠకునికి అనుభవంలోకి వస్తున్నది; పాఠకుడు కూడ మొదట నవ్వి, పిదప తలవంచుకొంటాడు.

ఆ మాటకు పరీక్ష చెరసాలలోనే కాదు, అంగడిలోనూ జరిగినది. ఉద్యమం మానుకొమ్మని తెల్ల వ్యాపారులు బాకీలకై ఒత్తిడి చేయగా, మానుకోక తన వ్యాపారాన్నే ఋణదాతలకు అప్పగించాడు. వారికి పైసలతో సహా బాకీ చెల్లినది. అతనికి దుకాణం పోయినది. దివాలా అనే మాట వర్తకునికి చెరసాలకంటె భయంకరమైనది. దానిని గౌరవచిహ్నంగా ధరించడమే అతని వీరత్వం. గాంధీజీ ఇచ్చట అలంకారాలు వాడలేదు. లెక్కల పుస్తకమే ఇందులో కావ్యం.

అయినను ఈ గ్రంథానికి ఒక హద్దున్నది. జూలూల నడవడిని, వారి భాషామాధుర్యాన్ని గాంధీజీ ఆదరంతో వర్ణించారు. కాని సత్యాగ్రహం భారతీయుల హక్కుల వరకే సాగినది. అంతేగాక ఆయన తొలినాటి వ్రాతలలో ఆఫ్రికనుల గూర్చి చులకన మాటలున్నవి. నేలకు అసలు హక్కుదారులు ఈ గాథలో పక్కన నిలిచియున్నారు. అభిమానం పేర దీనిని కప్పిపుచ్చడం, చిరునవ్వును కప్పిపుచ్చని రచయితకు తగిన మర్యాద కాదు.

ఆ హద్దును దాటినవారు కూడ సూరతు సీమ సంతతివారే. యూసుఫ్ దాదూ 1947లో నాయకర్‌తో కలిసి ఆఫ్రికన్ నాయకుడు జూమాతో ఐక్య ఒడంబడికపై సంతకం చేశాడు. సూరతు జిల్లా లాజ్‌పూర్‌నుండి వలస వెళ్ళిన తలిదండ్రుల బిడ్డ అహమ్మద్ కథ్రాడా, 1964లో మండేలాతోపాటు యావజ్జీవశిక్ష పొంది 1989లో విడుదలైనాడు. రాబెన్ దీవి చెరలో భారతీయుడైనందున అతనికి పొడుగు లాగు, ఆఫ్రికనుడైనందున మండేలాకు పొట్టి లాగు ఇచ్చారు. తనకు ఒకమెట్టు ఎక్కువగా దక్కినదానిని అన్యాయమని గుర్తించడం కాఛలియాకు కూడ ఎదురుకాని పరీక్ష.

మనకు మాత్రం ఆ పరీక్ష దినదినం ఎదురవుతున్నది. దక్షిణాఫ్రికాలో భారతీయుల వాడలు మన ఊళ్ళ వెలివాడలను గాంధీజీకి గుర్తుచేశాయి. తన ఆత్మకథలో ఆయన ఆ పోలికను నిర్మొగమాటంగా చెప్పారు. కాలిబాటనుండి త్రోయబడిన వానికై కన్నీరు కార్చే మనము, మన వీధిలో ఎవరిని ప్రక్కకు తొలగమన్నామో గుర్తుచేసుకోవాలి. అప్పుడుగాని ఈ గ్రంథపఠనం పూర్తి కాదు.