బిళ్ళ, గొంగడి

దొర గడీ ముందునుంచి జీతగాడు ఎలా నడిచేవాడో నల్లగొండ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. భుజంమీది గొంగడి చంకలోకి, కాళ్ల చెప్పులు చేతుల్లోకి వచ్చేవి. తలరుమాలు విప్పాకే ‘బాంచెన్’ అనాలి. అదే నిజాం ఏలుబడిలో పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలుండేవి. అక్కడ కొలువు బంట్రోతు మాత్రం తలపాగా చుట్టి, నడుముకు పట్టీ బిగించి, ఇత్తడి బిళ్ళతో నిలబడేవాడు. దొర తన పెద్దరికాన్ని సేవకుడి బట్ట విప్పించి చాటుకుంటే, రాజు బట్ట తొడిగించి చాటుకున్నాడు.

బిళ్ళకు దర్పముంది. అది కనబడితే ఊరు పక్కకు తప్పుకునేది. అయితే ఆ దర్పం కొలువుది. కొలువు పోతే బిళ్ళా పోయేది. గొంగడికి ఆ మెరుపు లేదు. దక్కనీ గొర్రె నల్లబొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక. ధాన్యంతోపాటు ఏడాది జీతం కింద వచ్చినా అది జీతగాడి సొంతం.

తేడా ఇంత ఉన్నా చుట్టరికమూ అంతే ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ అశ్వికదళం ఆ తర్వాత నిజాం పరమైంది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) పేట పేరు వాళ్లదే. అలాగే దొర బిడ్డ అత్తారింటికి ఆడబాప అనే దాసి అరణంగా వెళ్లేది. యూనిఫాం ఉన్నా లేకున్నా మనిషి చేతులు మారడం మాత్రం ఆగలేదు.

1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో, గొంగళ్లు నేసే కురుమ కులంలో పుట్టిన దొడ్డి కొమరయ్య విసునూరు దొర మనుషుల తూటాలకు నేలకొరిగాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. బిళ్ళ సర్కారు కొలువులో బంట్రోతు నడుము మీద మిగిలింది. గొంగడి మాత్రం ‘మా భూమి’ (1979)లో గద్దర్ భుజమెక్కి, దించమన్నవాళ్లను ధిక్కరించే గుర్తయింది. ఒకటి ప్రభుత్వానికీ, మరొకటి ప్రజలకూ చెందాయి. యజమానిని రెండూ వదిలించుకున్నాయి.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరిచ్చిన ఆరో నిజాం బట్టల బీరువాలను పురానీ హవేలీలో నేటికీ చూడవచ్చు. ఆ బట్టలను భద్రపరచినంత శ్రద్ధగా బంట్రోతు బిళ్ళనూ, జీతగాడి గొంగడినీ మన జిల్లాల మ్యూజియాల్లో పక్కపక్కనే ఉంచాలి. మీ అటకమీద అలాంటిదేదైనా ఉంటే పారేయకండి.