అక్షరాల కింది నేల

వెల్ల వేసిన గోడ మీద కుంచె నడిచిన జాడ ఉంటుంది. చేత్తో చేసిన కాగితంలో పీచు కనిపిస్తుంది. కంప్యూటర్ తెర మీద పోసిన రంగులో అలాంటిదేమీ ఉండదు, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే నునుపు. కథల పుస్తకం అట్టకో, నాటకం పోస్టరుకో ఆ నునుపు బోసిగా ఉంటుంది. డిజైనర్లు టెక్స్‌చర్, అంటే గరుకుదనం, వేసేది అందుకే. అది అలంకారం కాదు, నేల సిద్ధం చేసుకోవడం. చేర్యాల పటాలు గీసే నకాషీలు కూడా ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టాకే బొమ్మ మొదలుపెడతారు.

1982 నాటి 'ట్రాన్' సినిమాకు పనిచేసిన కెన్ పెర్లిన్‌కు కంప్యూటర్ బొమ్మల్లోని ఆ యంత్రపు నునుపు నచ్చలేదు. అలాగని చుక్కలు ఇష్టమొచ్చినట్టు చల్లితే సిగ్నల్ పోయిన పాత టీవీలా ఉంటుంది. క్రమంగా పేరిస్తే గళ్ల దుప్పటి అవుతుంది. 1983లో ఆయన ఈ రెండింటి మధ్య దారి పట్టుకున్నాడు. ఆ దారి పేరు 'నాయిస్'. అందులో ఎక్కడ ముదురు వస్తుందో ముందే చెప్పలేం, కానీ ముదురు లేతలోకి మెల్లగా జారుతుంది. పెద్ద మచ్చల మీద చిన్నవి, వాటి మీద ఇంకా చిన్నవి కలిపితే మబ్బు, పాలరాయి పుట్టుకొస్తాయి. 1997లో ఆస్కార్ అకాడమీ దీనికి సాంకేతిక పురస్కారం ఇచ్చింది.

ఉచితంగా దొరికే గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పాత కాగితం చేద్దాం. ముద్రణకు ఏ4 సైజు, 300 డీపీఐ అంటే 2480 × 3508 పిక్సెళ్లు. అడుగున లేత గోధుమ రంగు నింపండి. పైన కొత్త పొర తీసుకుని ఫిల్టర్స్, రెండర్, నాయిస్‌లోని సాలిడ్ నాయిస్ వేస్తే బూడిద రంగు మబ్బులు వస్తాయి. ఆ పొరను మల్టిప్లై మోడ్‌లో పెట్టి ఆపాసిటీ (పొర గాఢత) 20 శాతానికి దించండి. మల్టిప్లైలో తెలుపు కింది రంగును ముట్టుకోదు, నలుపు పెరిగినకొద్దీ కిందిది ముదురుతుంది, అందుకే కాగితానికి వయసు వచ్చినట్టుంటుంది. ఆపైన మధ్యరకం బూడిద పొరకు సన్నటి నాయిస్ చల్లి సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెడితే ఇసుక రేణువంత గరుకు వస్తుంది. ఈ గరుకుతో ఇంకో మేలుంది. 8 బిట్ల బొమ్మలో ఒక్కో రంగుకు 256 మెట్లే కాబట్టి లేతరంగు మెల్లగా మారేచోట పట్టీలు తేలతాయి. రేణువులు వాటిని కప్పేస్తాయి.

ఇంత చెప్పినా, నా ఓటు మాత్రం ఫొటోకే. పొద్దున ఏటవాలు ఎండ పడేటప్పుడు పెచ్చులూడిన గోడను ఫోనుతో తీయండి. పక్క వెలుతురుకు ప్రతి గుంటా తన నీడ తాను వేసుకుంటుంది. ఫ్లాష్ వేస్తే ఆ నీడలు చచ్చిపోతాయి. రంగు తీసేసి, ఆ ఫొటోను సాఫ్ట్ లైట్ పొరగా పరిస్తే చాలు. ఇంటర్నెట్‌లో దొరికే ఒకే చిరుగుల కాగితాన్ని ఎన్నో పోస్టర్ల మీద చూశాను. మీ ఇంటి గోడ ఇంకొకరి దగ్గర ఉండదు. చిన్న ముక్కను పక్కపక్కనే పేర్చి పేజీ నింపకండి. ఒకే మచ్చ రెండోసారి కనపడగానే కంటికి అతుకు దొరికిపోతుంది.

తెలుగుకు అదనపు జాగ్రత్త కావాలి. మన అక్షరాల కింద ఒత్తులుంటాయి, మీద గుడులుంటాయి. 'ప' కింద నల్లటి మరక పడితే 'ఫ' అనిపిస్తుంది. అక్షరాలు నిలిచేచోట మరకల్ని పలచన చేయాలి, గరుకు తగ్గించాలి. ఎంత అందమైన నేలైనా ఒక్క ఒత్తును మింగితే అది చెడ్డ నేలే.

ప్రెస్సుకు పంపేముందు అసలు సైజులో ఒక కాపీ తీయించి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని పైనుంచి కిందిదాకా చదవండి. ఒక్క ఒత్తు దగ్గర తడబడినా ఆపాసిటీ ఇంకాస్త దించండి.