రాయితోబాటు చీటీ

ఏ నేలయు సమస్త యుగములను తన కడుపున దాచుకొని యుండలేదు. నేనిప్పుడు కాపురమున్న, అమెరికాలోని ఓహాయో రాష్ట్రపు సిన్సినాటి నగరము చుట్టునుగల గుట్టల సంగతియే చూడుడు: బాట వేయుటకై గుట్టను నిలువున కోసిన ప్రతిచోటను, వాగు ఒరిసి ఒరిసి గట్టును తొలిచిన ప్రతిచోటను, 45 కోట్ల ఏండ్లనాటి వెచ్చని సముద్రపు అడుగు, సున్నపురాతి పలకలుగను బూడిదరంగు షేలుగను పొరలు పొరలుగా బయటపడి కనిపించును. అది ఆర్డోవిషియన్ యుగము. ఆల్చిప్పలను పోలిన బ్రాకియోపాడులు, కొమ్మలుగట్టిన బ్రయోజోవనులు, సముద్రలిల్లుల కాడల ముక్కలు అచ్చట కాలు మోపిన చోటెల్ల దొరకును. కాని వానికి పై యుగములేవని యడిగితిమా, ఈ నేల యొద్ద జవాబు లేదు. ఇచ్చట భూమి మెల్లమెల్లగా వీపెత్తి యుబికినందున, పేరుకొన్న పొరలు కోతపడి కొట్టుకొనిపోయినవి, పేరుకొననివి పేరుకొననే లేదు. చేపల కాలము, బొగ్గడవుల కాలము, రాక్షసిబల్లుల కాలము సర్వమును తప్పిపోయి, ఆర్డోవిషియన్ సముద్రముమీద తిన్నగా మొన్నమొన్నటి మంచుయుగపు కంకర వచ్చి కూర్చున్నది. కావున ఈ యూరి శిలాజసేకర్త యెంతటి ఘనుడైనను, స్వప్రయత్నముచేత ఒక్క యుగముతోడనే కాపురము చేయవలసినవాడు. తక్కిన యుగములు కావలెనన్నచో పరుల చేయి చూడక తప్పదు.

మన తెలుగునేల కథయు ఇంచుమించు ఇట్టిదే. కడప సీమలో వేంపల్లె ప్రాంతపు రాళ్లయందు స్ట్రోమటోలైటులనబడు వలయములును గుమ్మటములును కనబడును. అవి నూరు కోట్ల ఏండ్లకు మించిన ప్రాచీనత గలవి, చిప్పయు కాలును కన్నును గల ప్రాణి పుట్టకమునుపు సూక్ష్మజీవులు జిగటపొరలుగా కట్టుకొన్న కట్టడములు. అటుపిమ్మట మన నేల సుదీర్ఘమౌనము వహించి, సింగరేణి బొగ్గుపొరల నడుమ గ్లోసాప్టెరిస్ ఆకులతో గాని మరల నోరు విప్పలేదు. ప్రాణహిత గోదావరీ లోయలో మలేరి పొరలు ట్రయాసిక్ యుగపు సరీసృపములను, కోట పొరలు జురాసిక్ యుగపు మహాకాయములను ఇచ్చినవి. అచ్చటి బరపాసారస్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌నందును, యామన్‌పల్లి వద్ద దొరకిన కోటసారస్ హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటరునందును నేటికిని నిలిచియున్నవి. రాజమహేంద్రవరము చెంత గోదావరికి ఇరుప్రక్కల కాతేరు, దుద్దుకూరు గ్రామములయొద్ద, లావాపొరల నడుమను అడుగునను, ఆరున్నర కోట్ల ఏండ్లనాటి ఆల్చిప్పలును గుల్లలును చిక్కుకొనియున్నవి. ఇంతటి సంపదలోను, కణుపుల వీపుగల ప్రాచీన సముద్రజీవియైన ట్రైలోబైటు ఒక్కటియు లేదు. ఆ ప్రాణి సముద్రములనేలిన ఇరువదియేడు కోట్ల ఏండ్లలో హెచ్చుభాగమునకు మన నేలయందు సాక్ష్యమిచ్చు పొరలే లేవు. పాఠశాలలో దాని బొమ్మను గీసి మార్కులు తెచ్చుకొన్న నేను, దాని వీపుమీద వ్రేలు పెట్టి తడవుటకు మాత్రము ఓహాయో రావలసివచ్చెను.

ఇచ్చట ట్రైలోబైటులను వెదకుటకు సుత్తి యక్కరలేదు, ఓపిక కావలెను. గట్టివాన కురిసి వెలిసిన మరునాడు షేలు గట్టుమీద వంగి, కన్ను నేలకు జానెడు దూరమున నిలిపి మెల్లగా నడువవలెను. ఫ్లెక్సికాలిమినీ అను ట్రైలోబైటు, అపాయము శంకించినప్పుడు, తాకిన రోకలిబండ చుట్టుకొనునట్లు ఉండగా చుట్టుకొని, బురద మీదపడగా ఆ భంగిమలోనే శిలయైపోయినది. వాన కడిగిన గట్టుమీద అది చిన్న గోళీవలె గాక గోళీయే యన్న భ్రాంతి కలిగించును. దానిని ఇంటికి తెచ్చి, పాత పండ్లకుంచెతో నీటియందు రుద్ది, కణుపుల సందులలోని మట్టిని సూదిమొనతో తీయగా తీయగా, తలయు తోకయు ఒకదానినొకటి అంటుకొనిన ఆ యొరపు బయటపడును. ఇట్టివి సేకరించు ఔత్సాహికులు డ్రై డ్రెడ్జర్స్ అను పేర 1942లోనే ఈ నగరమున ఒక సంఘముగా కూడినారు. అది నేటికిని నడచుచున్నది. సీజర్ క్రీక్ ఆనకట్ట వద్ద అనుమతిపత్రము తీసికొని ఎవ్వరైనను ఏరుకొనవచ్చును గాని, పనిముట్టు వాడరాదు, అరచేతికి మించినదానిని తీయరాదు, విక్రయింపరాదు. ఆ చోటినుండి వచ్చినవి నా సొరుగు దాటిపోవు. మార్పిడికి పెట్టునవి వేరు, పొలము యజమాని సెలవిచ్చిన వాగుగట్టులవి.

మార్పిడియనగా సంతబేరము కాదు. ఒక్కొక్క సేకర్త తన నేల తన కిచ్చినదానిలో రెండవదానిని, మూడవదానిని దాచియుంచి, తన నేల ఇయ్యనిదానిని కోరుచు మరియొకనికి వ్రాయును. నాకు చులకనైన బ్రాకియోపాడు, మయోసీన్ యుగపు తీరమున నున్నవానికి అపురూపము. వాడు ఇసుకతోబాటు జేబులో వేసికొను సొరచేపపల్లు నాకు అపురూపము. పొరుగింటి పుల్లకూర రుచియను మాట ఎగతాళికి పుట్టినదే గాని, ఈ వ్యవహారమున అది అక్షరసత్యము, నింద్యమును గాదు. న్యూయార్క్ రాష్ట్రమున, బఫెలో దాపున హాంబర్గు అను ఊర సిమెంటు కంపెనీ విడిచిపెట్టిన పెన్ డిక్సీ గని యొకటి యున్నది. అందలి రాయి డెవోనియన్ యుగమునకు చెందినది, అనగా సుమారు 38 కోట్ల ఏండ్లది. అచ్చటినుండి ఒక పెద్దమనిషి నాకు ఎల్‌డ్రెడ్జియాప్స్ ట్రైలోబైటు నొకదానిని పంపెను. దాని కన్ను చూచినగాని నమ్మరాదు. భూతద్దముక్రింద పెట్టగా ఒక్కొక్క కటకము వేరువేరుగా, వరుసలు దీరి, గుండ్రముగా ఉబికి కనబడును. ఆ కటకములు కాల్సైటు స్ఫటికములు, సున్నపురాతికి మూలమైన ఖనిజమే ఆ ప్రాణికి చూపుగా పనిచేసినది. మా ఫ్లెక్సికాలిమినీ కన్ను దానిముందు వెలవెలబోయెనని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు.

అయినను నాకు వచ్చిన కానుకలన్నింటను మిన్నగా నేనెంచునది ఆ ట్రైలోబైటు గాదు. ఇల్లినాయి రాష్ట్రమునుండి వచ్చిన, ఇంకను పగులని ఒక గుప్పెడు గుండ్రాళ్లు. మేజన్ క్రీక్ అను చోట, బొగ్గుకై పైమట్టి నెత్తిపోసిన గుట్టలలో, తుప్పురంగు ఇనుపరాతి ఉండలు దొరకును. వాని నడుమ 31 కోట్ల ఏండ్ల క్రిందటి బొగ్గడవుల ఆకో, రొయ్యయో, జెల్లిచేపయో యుండవచ్చును, ఏమియు లేకపోవచ్చును, లేనివే హెచ్చు. వానిని సుత్తితో మోదిన అడ్డదిడ్డముగ విరిగి లోపలిది నాశనమగును. అందుచేత జాణలైనవారు వానిని నీట నానవేసి, తడితోనే ఫ్రిజ్జు పైయరలో గడ్డకట్టించి, మరల కరగించి, మరల గడ్డకట్టింతురు. సన్నని చీలికలలో జొరబడిన నీరు గడ్డకట్టి యుబ్బి, పొరకు లొంగిన చోటనే రాతిని విడదీయును. ఇంట ఆడువారు ఐసుపెట్టెలో చేపలకు చోటులేక రాళ్లకు చోటేమని గొణుగుట ఈ విద్యలో భాగమే. ఇంతయు చెప్పుటకు కారణ మేమనగా, ఆ యిల్లినాయి మిత్రుడు పగిలి బొమ్మ తేలినవానిని పంపియుండవచ్చును; తెరవనివానిని పంపుటలో, లోన దొరకబోవు మేలిమి దేదైన ఉన్నచో దానిని మొట్టమొదట చూచు హక్కును గూడ నాకు ధారపోసినాడు. సేకర్తకు రాయి నిచ్చుట తేలిక, తొలిచూపు నిచ్చుట కష్టము. వాని ఉండలలో ఒకటి తెరచుకొనగా రెండు చెక్కలమీదను ఒకే ఫెర్ను ఆకు, ఒకదానిపై ఉబ్బెత్తుగను మరియొకదానిపై అచ్చుగను, ఈనెలతో సహా తేలినది. ఒక చెక్కను నేనుంచుకొని రెండవచెక్కను అతనికి తిరుగ పంపితిని.

అదే మేజన్ క్రీక్ ఉండలలో ఫ్రాన్సిస్ టల్లీ యను ఔత్సాహికునకు, ఏ జాతికిని చెందనట్టి వింత ప్రాణి యొకటి దొరకెను. అతడు దానిని షికాగో ఫీల్డ్ మ్యూజియమునకు తీసికొనిపోయి చూపెను. 1966లో దానికి టల్లీ పేరుమీద శాస్త్రీయనామ మేర్పడెను, 1989లో అది ఇల్లినాయి రాష్ట్ర శిలాజమైనది. వెన్నెముక గలదియా లేనిదియా యని పండితులు నేటికిని వాదులాడుకొనుచునే యున్నారు. అపూర్వమైనదని తోచినదానిని మార్పిడిలో పెట్టక పరిశోధకునకు చూపుట సేకర్తల మర్యాద. ఆ మర్యాద పాటింపని వారు నాకు మిత్రులుగ నుండలేరు.

ఇంక చీటీ సంగతి. ఈ పనిలో కొత్తవారు రాతిని జాగ్రత్తగ దూదిలో చుట్టి, చీటీని మరతురు. అనుభవజ్ఞులు చీటీని మొదట వ్రాసి, తరువాత రాతిని చుట్టుదురు. ఏ రాష్ట్రము, ఏ జిల్లా, ఏ వాగు, ఆ వాగులో ఏ పొర, పొరలో ఎంత యెత్తున, ఎవరు, ఏ తేదీన తీసిరి అను వివరము లేనిచో, శిలాజము అందమైన రాయి మాత్రమే. చీటీ యెగిరిపోవునన్న భయముచే రాతిపై కనబడని మూలను తెల్లరంగు చుక్క పెట్టి, ఎండిన పిమ్మట దానిమీద నల్లసిరాతో అంకె వేసి, ఆ అంకెను పుస్తకమున కెక్కింతుము. ఒకప్పుడు ఒక వృద్ధసేకర్త పరమపదించగా, వారి కుమారుడు పెట్టెలు పెట్టెలుగా రాళ్లను మాకు చూపెను. మేలురకపు ట్రైలోబైటులు, సముద్రలిల్లి కిరీటములు. ఒక్కదానికిని చీటీ లేదు. ఆ మహనీయునకు అన్నియు జ్ఞాపకమున్నవట. ఆ జ్ఞాపకము ఆయనతోడనే పోయెను. మ్యూజియమువారు మర్యాదగా వద్దనిరి, పిల్లలకు పంచిపెట్టుటకు మేము తెచ్చుకొంటిమి. అందువలన నేను ఎదుటివాని పొట్లము విప్పగానే రాతిని గాక చీటీనే ముందు చదువుదును. పొరపేరు వ్రాసియున్నచో వాడు నమ్మదగినవాడు. ‘న్యూయార్క్’ అని మాత్రమే వ్రాసియున్నచో మర్యాదగా జవాబు వ్రాసి యూరకుందును.

ఈ పంపకము క్రొత్తది గాదు. సిన్సినాటికి దక్షిణముగ, ఓహాయో నదికావల, కెంటకీలో బిగ్ బోన్ లిక్ అను ఉప్పునేల కలదు. ఉప్పు నాకవచ్చిన మంచుయుగపు మాస్టోడానులు, మామతులు అచ్చటి బురదలో తమ యెముకలను విడిచినవి. అధ్యక్షుడు జెఫర్సన్ కోరగా విలియం క్లార్కు 1807లో అచ్చట త్రవ్వించి మున్నూరు ఎముకలదాక పంపెను. జెఫర్సన్ వానిలో కొన్నింటిని ఫిలడెల్ఫియాలోని ఫిలసాఫికల్ సొసైటీకిని, కొన్నింటిని పారిస్ పండితులకును పంచియిచ్చి, కొన్నింటిని తన యింట నుంచుకొనెను. రాజకీయవేత్తగా ఆయన యోగ్యతను చర్చించుటకు ఇది చోటు కాదు. సేకర్తగా ఆయన చేసిన పంపిణీ మాత్రము మెచ్చదగినది. మన దేశమున నాగపురమందు మతబోధ చేయవచ్చిన స్టీఫెన్ హిస్లాప్ అను స్కాట్లండు ఫాదిరీయు ఇట్టివాడే. వృత్తి వేరు, వ్యసనము వేరు. నాగపురపు శిలాజములతోబాటు మన రాజమహేంద్రవరపు గుల్లలను గూడ 1860లో లండను భూగర్భశాస్త్ర సంఘపు పత్రికలో వర్ణించెను. మలేరి పొరలలోని మొసలివంటి పారాసూకస్ ఆయన పేరును నేటికిని మోయుచున్నది.

కొనుటకేమి అభ్యంతరమని అడుగువారు కలరు. కొనవచ్చును, నేనును కొన్నాను. కాని బజారున మొరాకో ట్రైలోబైటులని అమ్మబడువానిలో, విరిగిన తునుకలకు రెసినుతో ముండ్లును తోకయు అతికి నునుపుజేసినవి కొల్లలు. మార్పిడిలో మోసమునకు తావు తక్కువ, ఏలయన మోసము చేసినవాడు మరుసటి పొట్లమును పోగొట్టుకొనును. ఇచ్చట మన పెద్దల ఆచారమొకటి నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. గండకీనదిలో దొరకు సాలగ్రామములు, నల్లని షేలు ఉండలలో చుట్టుకొన్న జురాసిక్ యుగపు అమ్మోనైటులు, సుమారు 15 కోట్ల ఏండ్లవి. వానిని వెలకట్టి కొనరాదు, అమ్మరాదు, దానముగ గాని వంశపరంపరగ గాని పొందవలెనని శాస్త్రము. మా తాతగారి దేవతార్చన పెట్టెలో నున్న సాలగ్రామము ఎవరిచే ఎవరికి, ఏ యాత్రలో, ఏ సందర్భమున వచ్చినదో మా నాయనమ్మ తప్పు లేకుండ చెప్పెడిది. చీటీ లేకున్నను వివరమున్నదన్నమాట.

మేరీలాండు రాష్ట్రమున స్థిరపడిన తెలుగు మిత్రుడొకరితో నాకు ఏడాదిగా ఒక వివాదము నడచుచున్నది. చెసాపీక్ అఖాతపు టొడ్డున కాల్వర్ట్ కొండచరియలనుండి అలలు రాల్చిన మయోసీన్ యుగపు సొరచేప దంతములను ఆయన ఏరుచుండును. ఆ చరియలు విరిగి మీదపడు స్వభావము గలవి గనుక ఎక్కి త్రవ్వుటకు వీలులేదు, ఇసుకలో దొరకినదే ప్రాప్తము. ఆయన కన్ను నాయొద్దనున్న ఐసోటీలస్‌మీద పడినది. ఐసోటీలస్ ఓహాయో రాష్ట్రపు అకశేరుక శిలాజము, ట్రైలోబైటులలో భారీకాయము. 1919లో డేటన్ దగ్గర హఫ్‌మన్ ఆనకట్ట త్రవ్వకమున దొరకి స్మిత్‌సోనియన్‌ను చేరినది అడుగుకు పైబడిన పొడవు గలది. తునుకలు వాగు నిండ నుండును గాని, తలనుండి తోకవరకు పూర్ణమైనది అరుదు. నాది చిన్నదేయైనను పూర్ణము. ఫోనెత్తినప్పుడెల్ల ఆయన పలకరింపు, “ఏమండీ, మన ఐసోటీలస్ సంగతి ఏం చేశారు?” అనియే. రెండవదానిని మాత్రమే ఇచ్చుట మన నియమమని నేనును, నియమము స్నేహమునకు పైది కాదని ఆయనయు వాదించుకొంటిమి. మొదట అరచేయినిండు మెగలొడాన్ దంతము నిచ్చెదననెను. తన్నుమాలిన ధర్మము నా వల్ల గాదంటిని. క్రిందటి వారము దానికి తోడు తిమింగలపు చెవియెముక యొకటి కలిపెదనని కబురంపి, చరియలో ఏ పొర క్రింద, ఏ నెలలో దొరకినవో రెండింటికిని చీటీలు వ్రాసి ఫోటో తీసి పంపెను. పొరపేరు తప్పులేకుండ వ్రాసినాడు. ఆలోచించుచున్నాను.