భయపెట్టే నవలల ముడిసరుకు

పీడకలలాంటి సమాజాలను చూపే డిస్టోపియన్ నవలలు రాసేవాళ్ల మీద పాఠకులకు ఎప్పుడూ ఒక అనుమానమే. హాయిగా ఇంట్లో కూర్చుని అంతటి నరకాన్ని ఎలా ఊహిస్తారు, ఆ బుర్రలో ఏ పురుగు తొలుస్తోంది అని. నా మట్టుకు నాకు ఆ అనుమానమే తప్పుగా తోస్తుంది. ఈ కోవలో కాలానికి నిలిచిన నవలలను విప్పి చూస్తే ఊహ పాలు తక్కువ, సేకరణ పాలు ఎక్కువ. ఎక్కడెక్కడో జరిగినవాటిని ఏరి తెచ్చి, ఒకే దేశంలో ఒకే కాలంలో జరుగుతున్నట్టు పేర్చడమే వాటి రచయితలు చేసిన పని.

1920 ప్రాంతంలో 'వుయ్' రాసిన యెవ్‌గెనీ జమ్యాతిన్ ఓడల ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఉండి, రష్యా కోసం మంచు పగలగొట్టే ఓడలు కట్టించాడు. కార్మికుడి ప్రతి కదలికనూ గడియారం పెట్టి కొలిచే టేలర్ పద్ధతి అప్పటికే ఫ్యాక్టరీల్లోకి వచ్చేసింది. జమ్యాతిన్ ఆ గడియారాన్ని ఫ్యాక్టరీ గేటు దాటించి ఇంట్లోకి తెచ్చాడు. అతని నవలలో మనుషులకు పేర్లుండవు, నంబర్లే. ఇళ్లకు గాజు గోడలు. అందరూ ఒకే క్షణాన ముద్ద నోట్లో పెట్టుకోవాలి, ప్రతి ముద్దనూ యాభైసార్లు నమలాలి. అతన్ని మొదట జార్ ప్రభుత్వం, తర్వాత బోల్షెవిక్ ప్రభుత్వం జైల్లో పెట్టాయి. 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లిషులో వచ్చిన ఆ నవల సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1988 అయింది.

బిహార్‌లోని మోతీహారీలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ దారీ అదే. బర్మాలో పోలీసు అధికారిగా చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రెండేళ్లు బీబీసీలో ఉండి, సెన్సారు కంటిని దాటిన ప్రసంగాలను భారతీయ శ్రోతలకు వినిపించాడు. '1984'లో రెండూ రెండూ ఐదని ఒప్పించేదాకా మనిషిని హింసించే ఘట్టం ఉంది. ఆ లెక్క ఆర్వెల్ కల్పించింది కాదు. పంచవర్ష ప్రణాళికను నాలుగేళ్లలోనే ముగిస్తామంటూ సోవియట్ ప్రభుత్వం గోడలకెక్కించిన నినాదమది. మార్గరెట్ అట్వుడ్ అయితే దీన్ని నియమంగానే పెట్టుకుంది: చరిత్రలో ఎక్కడా జరగనిది 'ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లో రాయకూడదని. 1966లో రుమేనియా ప్రభుత్వం జనాభా పెంచడానికి గర్భస్రావాన్ని నిషేధించింది. అర్జెంటీనా సైనిక పాలకులు ఖైదీల బిడ్డలను లాక్కుని తమవాళ్లకు పెంపకానికిచ్చారు. ఇక కొత్తగా ఊహించాల్సింది ఏముంది?

సీసాల్లో పిల్లల్ని పుట్టించిన హక్స్‌లీ మాటేమిటని అడగవచ్చు. అతని నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్' 1932లో వచ్చింది. తల్లి గర్భానికి బయట పిండాన్ని పెంచవచ్చని శాస్త్రవేత్త హాల్డేన్ 1924లోనే రాశాడు. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను 1913 నాటిది. హక్స్‌లీ ఈ రెంటినీ కలిపి, గీత వెళ్తున్న దిక్కుకే ఇంకొంచెం పొడిగించాడు. అలా పొడిగించడమూ ఊహే కదా అంటే కాదనను. కానీ ఆ గీత మొదలు గీసింది లోకం. అలాంటప్పుడు చరిత్ర పుస్తకాలే చదువుకోవచ్చు కదా అన్నది ఇంకో అభ్యంతరం. చరిత్రలో ప్రతి ఘోరానికీ ఒక తేదీ, ఒక దేశం ఉంటాయి. అది చూడగానే మనది కాదులే అని ఊపిరి పీల్చుకుంటాం. నవల ఆ వెసులుబాటు ఇవ్వదు. పైగా చరిత్ర శాసనాన్ని చెబితే, ఆ శాసనం కింద ముద్ద నమలడం ఎలా ఉంటుందో నవల చూపిస్తుంది.

ఈ కోవలో రాసినవన్నీ గొప్పవని కాదు. కూలిన నగరాలు, ముసుగు సైనికులు, బూడిద రంగు ఆకాశం పెట్టి, పాత నవలలను చూసి అల్లేసినవి బోలెడున్నాయి. అవి తేలిపోయేది చీకటి చాలక కాదు, సాక్ష్యం లేక. అందుకే పాఠకులకు ఒక్క మాట. ఇలాంటి నవల చేతికొచ్చినప్పుడు ఇలా జరుగుతుందా అని భయపడేకన్నా, ఇది ఇప్పటికే ఎక్కడ జరిగిందో వెతకండి. మంచి నవలైతే ప్రతి అధ్యాయానికీ ఒక చిరునామా దొరుకుతుంది.