గీమె మా అవ్వ గాదు

మా నాయనమ్మ బతికినన్నాళ్ళు దిగింది ఒక్కటే ఫోటో. రేషన్ కార్డు కోసం ఇంటిల్లిపాదీ కలిసి దిగింది. నల్గొండ జిల్లా మాదిగవాడల్లో ఆ తరం ఆడవాళ్ళకు అంతకు మించి ఫోటోలు లేవు. పెత్రమాసకు గోడకు పెడదామని మా చిన్నాయన కొడుకు దాన్ని ఫోన్ల ఏఐ తోటి ‘బాగు’చేసుకొచ్చిండు. మడతలు పోయినయి, మరకలు పోయినయి. వాటితోపాటు నుదుటి పచ్చబొట్టు పోయింది, అమ్మవారు పోసిన మచ్చలు పోయినయి, ముక్కు సన్నబడ్డది, నలుపు గోధుమ రంగైంది. మా అయ్య చానాసేపు చూసి, “గీమె మా అవ్వ గాదు బిడ్డా” అన్నడు.

ఈ మాటను చదువురాని మనిషి అమాయకత్వంగా తీసుకోవద్దు. ఇదొక విమర్శ.

మరక కింద ఏముందో మిషన్‌కు తెలియదు. అంతకు ముందు తనకు చూపించిన లక్షల ముఖాల నుంచి ఊహించి ఖాళీని నింపుతుంది. ఆ ముఖాల్లో మన ముఖాలెన్ని? 2017లో ఫేస్‌యాప్ అందంగా చేస్తానని చెప్పి నల్లవాళ్ళను తెల్లగా మార్చింది. శిక్షణకు వాడిన ఫోటోల్లోనే పక్షపాతం ఉందని దాని యజమాని ఒప్పుకుని క్షమాపణ చెప్పిండు. 2020లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసిన సాధనానికి ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లవాడి ముఖం వచ్చింది. అమెరికా అధ్యక్షుడికే దిక్కులేకుంటే కూలికిపోయిన మా నాయనమ్మకెక్కడిది?

పచ్చబొట్టు చచ్చినా వెంటొచ్చే సొమ్మని మా ముసలోళ్ళు అంటరు. మిషన్‌కు అది మచ్చ. ఏది సొమ్ము, ఏది మచ్చ అని తేల్చే అధికారం ఎవరిది? అసలు ప్రశ్న ఇదే.

అయితే తప్పంతా మిషన్ మీద వేస్తే మనువు నవ్వుతడు. స్టూడియోలల్ల పెన్సిల్‌తో నెగెటివ్‌లు దిద్దిన కాలం నుంచీ ఇది ఉన్నదే. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది, 2020లో పేరు మాత్రం మార్చుకుంది. పెండ్లి సంబంధానికి పంపే ఫోటోను తెల్లగా చేయమని అడుగుతున్నది మన పిల్లలే. అంబేద్కర్ క్యాలెండర్లల్ల బాబాసాహెబ్ చెంపలకు గులాబీ రంగు పూసినప్పుడు మనం అడ్డుచెప్పినమా? ఆధిపత్య కులాల సౌందర్యదృష్టి మన కండ్లల్ల కూడా ఉంది. మిషన్ దాన్ని ఒక్క వేలిముద్దర పనిగా మార్చింది.

మరి ఈ సాధనాలే వద్దా? నేను అట్లనను. మహబూబ్‌నగర్ నుంచి వలసపోయి డ్యాములు, కాలువలు తవ్విన పాలమూరు లేబర్ పిల్లలు ఇయ్యాల తమ తండ్రుల ఫోటోలకు కోటు, టై తొడిగిస్తున్నరు. అది అబద్ధమని కొందరు మిత్రులు వాదిస్తరు. నాకు అట్ల తోచదు. చెప్పులు తొడుక్కుని దొరగడి ముందు నుంచి నడవనీయని నేల ఇది. కోటు, సమాజం మనకు ఇయ్యనిదాన్ని తెచ్చుకోవడం. తోలు రంగు మార్చడం, సమాజం మన మీద వేసిన నిందను ఒప్పుకోవడం. కోటు కింద ఆ తండ్రి ముఖం ఆ తండ్రిదే ఉండాలె.

అందుకని విద్యార్థులకూ, కార్యకర్తలకూ, ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మాట. మన పెద్దల పాత ఫోటో చేతికొస్తే ముందు ఉన్నదున్నట్టు ఒక నకలు తీసి దాచండి. మడతలూ మరకలూ మాత్రమే తీయమని అడగండి. తర్వాత ఆ మనిషిని ఎరిగినోళ్ళకు రెండూ పక్కపక్కన చూపించండి. వాళ్ళు గుర్తుపట్టకపోతే ఆ కొత్త బొమ్మను పారేయండి. అసలు ఫోటో వెనక పేరు, ఊరు, చేసిన పని రాయండి. కరణం లెక్కల్లో మన ముఖాలు లేవు. మనకున్న దస్తావేజు ఈ ఒక్క కాగితమే.

పెత్రమాస నాడు మా ఇంట్ల పాత ఫోటోకే దండేసినం, మడతతో సహా. మా అయ్య ఆ పచ్చబొట్టు మీదనే కుంకుమ పెట్టిండు.