నలభై ఒక్కేళ్ళు ఒకే పాత్ర

ఓ సినిమా నచ్చలేదని ఒక్క ముక్కలో తేల్చేయాలంటే మనవాళ్ళు ‘సీరియల్‌లా ఉంది’ అంటారు. తెరమీద ఎవరైనా ఒక పాలు ఎక్కువ ఏడిస్తే అది ‘సీరియల్ యాక్టింగ్’ అయిపోతుంది. అలా తీర్పు చెప్పేవాళ్ళ ఇళ్ళల్లోనే సాయంత్రం అయ్యేసరికి టీవీ ముందు నుంచి కదలనివాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఇంతమంది ఇన్నేళ్ళుగా విడవకుండా చూస్తున్న నటనలో దానికంటూ ఓ పనితనం ఉందా, లేక అది సినిమా నటనకు చవకబారు నకలేనా అన్నది తీరిగ్గా ఆలోచించాల్సిన ప్రశ్న. డైలీ సీరియల్ నటన వేరే విద్య అని నా వాదన. రెండున్నర గంటల్లో ఒక మనిషిని చూపించి పంపేయడం సినిమా పని. ఒక మనిషిని ఏళ్ళ తరబడి ప్రేక్షకుడి ఇంట్లో బతికించడం సీరియల్ పని. ఆ విద్యను ఆ కొలతతోనే కొలవాలి. ఇందుకు అమెరికన్ నటి సూసన్ లూచీ జీవితాన్ని మించిన సాక్ష్యం లేదు.

‘సోప్ ఒపెరా’ అనే మాట సబ్బుల కంపెనీల పుణ్యమే. 1930లో షికాగో రేడియోలో ఇర్నా ఫిలిప్స్ అనే రచయిత్రి ఇల్లాళ్ళ కోసం మొదలుపెట్టిన పగటిపూట ధారావాహికల ఒరవడి, ప్రాక్టర్ అండ్ గాంబుల్ లాంటి సబ్బుల తయారీదారుల డబ్బుతో పెరిగి పెద్దదై, 1950ల్లో టీవీకి చేరింది. ఇర్నా దగ్గర పని నేర్చుకున్న ఆగ్నెస్ నిక్సన్ 1970 జనవరిలో ఏబీసీ చానల్‌లో ‘ఆల్ మై చిల్డ్రన్’ మొదలుపెట్టింది. పెన్సిల్వేనియాలోని పైన్ వ్యాలీ అనే కల్పిత ఊళ్ళో కథ. అందులో ఎరికా కేన్ అనే బడిపిల్ల వేషానికి సూసన్ లూచీని తీసుకున్నారు. 1946లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, 1968లో కాలేజీ చదువు ముగించిన లూచీకి అప్పుడు ఇరవై మూడేళ్ళు. 2011 సెప్టెంబర్ 23న ఏబీసీలో ఆఖరి ఎపిసోడ్ ప్రసారమయ్యేదాకా ఆ పాత్ర ఆమెదే. ఆ నలభై ఒక్కేళ్ళలో ఎరికా మోడల్ అయింది, సౌందర్య సాధనాల కంపెనీ యజమాని అయింది, పదిసార్ల దాకా పెళ్ళి చేసుకుంది, నొప్పి మాత్రలకు బానిసై బయటపడింది, తల్లయింది, అమ్మమ్మయింది. సీరియల్ మొత్తం పదివేల ఎపిసోడ్లు దాటింది.

ఈ విద్యలో మొదటి మెట్టు వేగం. సినిమా షూటింగులో రోజుకు రెండు మూడు నిమిషాల సినిమా చేతికొస్తే గొప్ప. 1977 నుంచి గంట కార్యక్రమమైన ‘ఆల్ మై చిల్డ్రన్’కు ప్రకటనలు పోను దాదాపు నలభై నిమిషాల కథ కావాలి, అదీ వారానికి అయిదుసార్లు. మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటే నటి సన్నివేశాన్ని నాటకంలా మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడిపించాలి. రాత్రికి రాత్రి పుటలకు పుటల డైలాగులు నోటికి రావాలి, మర్నాడు సాయంత్రానికి వాటిని మరిచిపోవాలి, ఎందుకంటే ఎల్లుండి పుటలు అప్పటికే చేతికొచ్చి ఉంటాయి. దీనికి తోడు రేడియో నాటి వారసత్వం ఇంకొకటుంది. చూసేవాళ్ళలో సగం మంది అంట్లు తోముతూనో, బట్టలు మడతపెడుతూనో వింటూ ఉంటారు. కనుక మొహం కన్నా ముందు గొంతు కథ చెప్పాలి. నిన్న చూడనివాళ్ళ కోసం జరిగినదాన్ని మళ్ళీ చెప్పాలి. ఒకే కబురు అమ్మకు, స్నేహితురాలికి, శత్రువుకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చినప్పుడు మూడుసార్లూ కొత్తగా వినిపించడం చిన్న పని కాదు. సప్తాహంలో పౌరాణికుడు ప్రతి సాయంత్రం నిన్నటి కథను నాలుగు మాటల్లో అందుకుని, నిన్న వచ్చినవాళ్ళకు విసుగు పుట్టకుండా, ఈ రోజే వచ్చినవాళ్ళకు లోటు లేకుండా ముందుకు సాగినట్టే ఇదీ.

రెండో మెట్టు సన్నివేశం ముగింపు. డైలాగు అయిపోతుంది, కెమెరా మొహం మీదికి వస్తుంది, ప్రకటనలు వచ్చేలోపు ఇంకా కొన్ని క్షణాలు ఉంటాయి. ఆ క్షణాల్లో మాట లేదు, కదలిక లేదు, ఎదుటి మనిషి గదిలోంచి వెళ్ళిపోయి ఉంటాడు. నటి ఆ ఖాళీని మొహంతో నిలబెట్టాలి. మరీ తక్కువ చేస్తే ప్రేక్షకుడు చానల్ మారుస్తాడు, మరీ ఎక్కువ చేస్తే నవ్వుతాడు. లూచీ ఇందులో ఆరితేరింది. కళ్ళు ముందు కదిలేవి, ఆ తర్వాత గడ్డం కాస్త పైకి లేచేది. దెబ్బ తగిలిందని కళ్ళు ఒప్పుకునేలోపే పొగరు గడ్డంలోకి వచ్చేసేది. ఎరికా రేపు ఏం చేస్తుందో ఆ ఒక్క క్లోజప్‌లోనే తెలిసిపోయేది. మన సీరియళ్ళలో ఈ పద్ధతే విపరీతంగా పెరిగి, ఒక మాటకు ఇంటిల్లిపాదికీ తలా మూడేసి క్లోజప్‌లు, వెనక ఉరుములుగా మారింది. ఆ ఉరుములు చూసి ఈ విద్యంతా ఇంతే అనుకోవడం పొరపాటు. నటి చేయాల్సిన పనిని ఎడిటింగ్ టేబుల్ లాక్కున్న చోట కనిపించే లోపమది.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. సినిమా నటికి, నాటక నటికి పాత్ర మొదలూ చివరా ముందే తెలుసు. సీరియల్ నటికి చివర తెలియదు సరికదా, మొదలు కూడా మారిపోతుంది. 1993లో రచయితలు ఎరికా జీవితంలోకి కెండల్ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. ఎరికాకు పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి స్నేహితుడైన ఒక సినిమా నటుడు ఆమెపై అత్యాచారం చేశాడని, అప్పుడు పుట్టి దత్తత వెళ్ళిపోయిన బిడ్డే ఈ కెండల్ అని అప్పుడు బయటపడింది. అంటే 1970 నుంచి ఇరవై మూడేళ్ళు లూచీ నటించిన పాత్రలో లేని గాయాన్ని ఇప్పుడు ఆ పాత్రకు పునాదిగా పెట్టారు. మగవాళ్ళను గెలవాలన్న ఆ ఆరాటం, ఎవరినీ పూర్తిగా నమ్మని ఆ మనసు, తల్లి మోనాతో ఆ పేచీలు అన్నీ ఈ గాయంలోంచే వచ్చాయని ప్రేక్షకుడు వెనక్కి తిరిగి నమ్మాలి. నమ్మారు. కొత్త దుఃఖాన్ని పాత అలవాట్ల మీదే నిలబెట్టి, ఎరికాను వేరే మనిషిని చేయకుండా నటించడం వల్లే అది సాధ్యమైంది. ఇలాంటి పరీక్ష సినిమాలో ఎవరికీ ఎదురుకాదు.

నాలుగోది ప్రేక్షకుడి జ్ఞాపకంతో పనిచేయడం. ఎరికా అడవిలో ఒక ఎలుగుబంటికి ఎదురుపడే ప్రసిద్ధ సన్నివేశం ఒకటుంది. పారిపోవడానికి బదులు ఆమె దాని మీద విరుచుకుపడి, నేనెవరో తెలుసా అన్నట్టు గద్దిస్తుంది, ఎలుగుబంటి వెనక్కి తగ్గుతుంది. ఎరికాను ఎరగనివాళ్ళకు అదొక వెర్రి దృశ్యం. ఏళ్ళ తరబడి ఆమె మొగుళ్ళను, బాసులను, ప్రత్యర్థులను అదే గొంతుతో గద్దించడం చూసినవాళ్ళకు మాత్రం అది ఆ పాత్రకు పరాకాష్ఠ. హాస్యమంతా జ్ఞాపకంలోంచే పుట్టింది. ఇదే జ్ఞాపకం దుఃఖానికీ పనికొస్తుంది. మోనా పాత్ర వేసిన ఫ్రాన్సెస్ హెఫ్లిన్ 1994లో కన్నుమూసింది. కథలో మోనా కూడా చనిపోయింది. ఇరవై నాలుగేళ్ళు తల్లీకూతుళ్ళుగా చూసిన ప్రేక్షకులకు ఆ చావు వార్త కథ కాదు, ఇంట్లో మనిషి పోవడమే. అంత నేపథ్యాన్ని ఏ సినిమా నటీ రెండున్నర గంటల్లో కూడగట్టలేదు.

ఇంత గొప్ప నటే అయితే అవార్డు అన్నేళ్ళు ఎందుకు రాలేదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పగటిపూట టీవీకి ఇచ్చే డేటైమ్ ఎమ్మీలకు లూచీ 1978 నుంచి మళ్ళీ మళ్ళీ నామినేట్ అవుతూ, పద్దెనిమిదిసార్లు ఓడిపోయింది. ఆ ఓటమి అమెరికాలో సామెతలా మారి, ఆమె మీద జోకులు పుట్టాయి. 1999 మే 21న పంతొమ్మిదో ప్రయత్నంలో గెలిచినప్పుడు హాలంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు ఆపలేదు. అయితే ఆ బహుమతి పద్ధతి చూడండి. ఏడాదిలో వచ్చే రెండువందల పైచిలుకు ఎపిసోడ్లు న్యాయనిర్ణేతలు చూడలేరు. నటీనటులు ఎంచి పంపిన ఒకటి రెండు ఎపిసోడ్లతో సరిపెడతారు. ఒక్క ఎపిసోడ్‌లో బాగా ఏడవగలగడం సినిమా కొలత. పదేళ్ళ కిందటి ఓ చూపును గుర్తుచేసేలా ఇవాళ ఓ చూపు చూడగలగడం ఆ కొలతకు అందదు. ఆమె ప్రతిసారీ గెలవాల్సిందని నేననను, పోటీలో మంచి నటీమణులున్నారు. ఆ ఓటములు మాత్రం ఆమె లోపం కంటే కొలత లోపాన్నే ఎక్కువ చూపిస్తాయి.

ఇంకో అభ్యంతరం కథల గురించి. సాగదీత, అసంబద్ధత, స్త్రీ ద్వేషం నిండిన కథల్లో నటన గొప్పదైతే మాత్రం ఏం లాభం? ఇందులో నిజం ఉంది. 1973లో, అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించిన ఏడాదే, ఎరికా తన వృత్తి కోసం భర్తకు చెప్పకుండా గర్భస్రావం చేయించుకుంది. టీవీలో అది పెద్ద సాహసం. మూడు దశాబ్దాల తర్వాత రచయితలు ఆ పిండాన్ని డాక్టరు రహస్యంగా మరో స్త్రీ గర్భంలో పెట్టాడని, ఆ బిడ్డ పెరిగి పెద్దవాడయ్యాడని కథ తిప్పారు. అంతటి సాహసాన్ని ఒక్క మలుపుతో నీరుగార్చారు. మన ‘కార్తీకదీపం’లో నల్లటి రంగు వల్ల అవమానాలు పడే దీప వేషానికి కేరళ నటి ప్రేమి విశ్వనాథ్‌కు నల్ల మేకప్ వేశారు. ఇది వర్ణ వివక్షను ప్రశ్నించే కథకే తగిలిన మచ్చ. ఈ తప్పులు రచయితలవి, చానళ్ళవి. కథ కూలినచోట కూడా పాత్ర నిలబడిందంటే ఆ బరువు మోసింది నటే. మలయాళంలో ‘కరుత్తముత్తు’లో మొదట వేసిన ఆ పాత్రనే తెలుగులో 2017 నుంచి 2023 దాకా మోసిన ప్రేమిని జనం అసలు పేరుతో పిలవడం మానేసి ‘వంటలక్క’ అన్నారు. అంతకుముందు రాధిక తమిళ ‘చిత్తి’ తెలుగులో ‘పిన్ని’గా వచ్చినప్పుడూ ఇదే జరిగింది. సినిమా తారగా ముందే ఎరిగిన మనిషిని ఇంట్లో మనిషిని చేసింది సీరియలే.

తెలుగులో ఈ విద్యకు అదనపు చిక్కు భాష. నేటి సీరియల్ నాయికల్లో కర్ణాటక, కేరళల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. సెట్లో పక్కనుంచి అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు ప్రాంప్టింగ్ ఇస్తుంటే, చెవి అటూ కళ్ళు ఎదుటి నటుడి మీదా పెట్టి, అర్థం పూర్తిగా తెలియని వాక్యానికి సరైన చోట ఊపిరి తీసుకోవాలి. తర్వాత ఆ పెదవుల కదలికకు ఓ డబ్బింగ్ కళాకారిణి చీకటి గదిలో గొంతు ఇస్తుంది. వింటూ పనిచేసుకునే ప్రేక్షకులున్న చోట గొంతు సగం నటన అని ముందే అనుకున్నాం. అంటే మనం మెచ్చుకునే ఒక్కో పాత్ర వెనక ఇద్దరు నటీమణులున్నారు, వాళ్ళలో ఒకరి పేరు చాలామంది ప్రేక్షకులకు తెలియదు.

అమెరికాలో ఈ సంప్రదాయం చాలావరకు అంతరించింది. రేడియోతో కలిపి డెబ్భై రెండేళ్ళు నడిచిన ‘గైడింగ్ లైట్’ 2009లో ఆగింది. ‘ఆల్ మై చిల్డ్రన్’ స్థానంలో ఏబీసీ తక్కువ ఖర్చుతో తయారయ్యే వంటల ముచ్చట్ల కార్యక్రమం పెట్టింది. లూచీ తొలి ఏళ్ళ ఎపిసోడ్లలో చాలాభాగం ఇప్పుడు చూడాలన్నా దొరకవు, అప్పట్లో టేపులు చెరిపి మళ్ళీ వాడేశారు. మనకింకా ఆ పరిస్థితి రాలేదు. తెలుగు చానళ్ళు రెండు పనులు ఇప్పుడే చేయొచ్చు. డబ్బింగ్ కళాకారుల పేర్లు చదవగలిగేంత సేపు తెరమీద ఉంచాలి, పాత సీరియళ్ళను మొదటి ఎపిసోడ్ నుంచి భద్రపరచాలి. అవార్డులిచ్చేవాళ్ళు ఒక్క ఎపిసోడ్ కాకుండా ఏడాది పొడవునా పాత్ర ఎలా నడిచిందో చూడాలి. ప్రేక్షకులుగా మన వంతు ఒకటే. కథ బాగోలేకపోతే కథను తిట్టండి, నటిని మాత్రం ఆమె చేస్తున్న పని ఏమిటో తెలుసుకుని విమర్శించండి.